బజారు వైపు చుక్క

గుట్ట మీది రేడియో కేంద్రంలో ఎర్ర గుడ్డ పైకి లేచిందంటే కింద బజారులో యంత్రాలన్నీ నోరు మూసుకోవాలి. మనుషులు ఎంతైనా అరుచుకోవచ్చు. కేంద్రంలోని పెద్ద డిష్‌కి మనుషుల కేకలు వినబడవు. దానికి వినబడేది కరెంటు రవ్వ. స్కూటరు ప్లగ్గులో ఎగిరే రవ్వ, మోటారులో చిటపటలాడే రవ్వ, అన్నిటినీ మించి వెల్డింగ్ రవ్వ. ఆకాశం నుంచి వచ్చే గుసగుసని పట్టుకోవాలని చెవులు రిక్కించి కూర్చున్నవాళ్ల పక్కన ఎవరో ఖాళీ బిందెలు దొర్లించినట్టు ఉంటుంది.

అందుకని కేంద్రానికీ బజారుకీ మధ్య ఒక ఒప్పందం ఉంది. డిష్ బజారు వైపు వంగి చూసే వేళల్లో స్తంభానికి గుడ్డ కడతారు. గుడ్డ దిగేదాకా కింద ఎవరూ స్విచ్చు వెయ్యరు. లేత్ మామ లేత్ ఆపేసి పేపరు విప్పుతాడు. వెల్డింగ్ పిన్ని ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం తీసి మేకుకి తగిలించి, ఆకురాయి చేతిలోకి తీసుకుంటుంది. మాట తప్పిన దుకాణానికి కరెంటు తీసేసి గుట్టకి అవతల స్థలం చూపిస్తారు. అవతల ఇళ్లూ లేవు, రోడ్డూ లేదు. అక్కడికి వెళ్లిన దుకాణం బతికి బట్టకట్టడం ఎవరూ చూడలేదు.

ఈ ఒప్పందాన్ని కాపలా కాసే పని చెవులమ్మది. తలకి ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో చేప ముల్లు ఆకారంలో ఉండే చిన్న యాంటెన్నా, భుజాన ఒక రేడియో పెట్టె. వాటితో బజారంతా తిరిగి ఎక్కడ రొద పుడుతోందో పట్టుకోవాలి. ఆ అవతారం చూసి బజారు పెట్టిన పేరే చెవులమ్మ. అసలు పేరు ఇంట్లోవాళ్లకి కూడా అప్పుడప్పుడే గుర్తొస్తుంది. ఇల్లంటే వెల్డింగ్ దుకాణం వెనక గది. వెల్డింగ్ పిన్ని బజారు అందరికీ వరసకి పిన్ని, చెవులమ్మకి మాత్రం సొంత పిన్ని, అమ్మ చెల్లెలు.

ఆ వారం చెవులమ్మ ప్రాణం ఇరకాటంలో పడింది అందుకే.

"ఇదిగో, మళ్లీ," అన్నాడు కళ్లజోడు, తెర మీద వేలు పెట్టి.

కేంద్రంలో అందరికంటే చిన్న పరిశోధకుడు అతను. మాట్లాడేటప్పుడు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుస్తూ ఉంటాడు, ఆ పేరు అందుకే వచ్చింది. మాట అయ్యేసరికి అది ముందుకంటే మురికిగా తయారవుతుంది. తెర మీద ఒక గీత నేలబారుగా సాగి, ఎడమ చివర దిబ్బలా లేచి ఉంది. ఆ చివరే పొడుగాటి అలలు ఉండే చోటు. వెల్డింగ్ రొద కాపురం ఉండేదీ అక్కడే.

"నిన్నటికంటే పెరిగింది సార్," అన్నాడు. "మన గుడ్డని పాత గుడ్డ కింద లెక్కేస్తున్నారు వాళ్లు."

వెనక కుర్చీలో ఉన్న పెద్దాయన ముందుకు వంగాడు. ఆయన మాట మీదే కేంద్రం నడుస్తుంది. "కిందికి వెళ్లి చూశావా అమ్మాయ్?"

"చూశాను సార్. అన్ని దుకాణాల ముందూ నిలబడ్డాను. ఏమీ వినపడలేదు."

చెవులమ్మ గొంతు ఆ గదిలో ఎప్పుడూ సగమే బయటికి వస్తుంది. మిగతా సగం ఆమె చెప్పుల దగ్గరే ఆగిపోతుంది.

"ఎలా వినపడుతుంది?" అన్నాడు కళ్లజోడు. "నువ్వు గుట్ట దిగుతుంటే బజారంతటికీ కనిపిస్తావు. ఆ చెవులూ, ఆ చేప ముల్లూ. మీ పిన్ని నిన్ను చూసి ఆపేస్తుంది. నువ్వు వెనక్కి తిరగ్గానే మొదలుపెడుతుంది. ఆమె తప్పని కూడా అనను, కాలవ వంతెనకి కమ్మీలు చెయ్యడానికి ఒప్పుకుంది కదా, తొందర ఉంటుంది. కానీ నా నక్షత్రం ఆమె తొందర కోసం ఆగదు."

అతని నక్షత్రం నిజానికి ఒకటి కాదు, జంట. ఒకటి ముసలిది, ఎర్రగా ఉబ్బిపోయిన పెద్ద చుక్క. రెండోది దాని చుట్టూ తిరిగే చిన్నది, తెల్లగా, భలే బరువుగా ఉండేది. పెద్దదాని ఒంటి మీంచి ఊడిపోయే వాయువుని చిన్నది కొంచెం కొంచెంగా లాక్కుని తన మీద పోగేసుకుంటుంది. పోగు మితిమీరినప్పుడు ఆ పైపొర మొత్తం ఒక్కసారిగా అంటుకుని పేలిపోతుంది. రెండు చుక్కలూ బతికే ఉంటాయి, పొర మాత్రం అన్ని వైపులకీ ఎగిరిపోతుంది. దాన్నే నోవా అంటారు. ఈ జంట ఈమధ్యే అలా పేలింది. రేడియో గుసగుసకి పగలూ రాత్రీ తేడా లేదు కాబట్టి, పొద్దెక్కాక అది బజారు మీదికి వచ్చే వేళ డిష్‌కి దాన్ని చూడమని అప్పగించారు. కళ్లజోడు రాయబోయే సిద్ధాంత వ్యాసం మొత్తం దాని మీదే.

పుస్తకాల ప్రకారం ఇంత తొందరగా పొడుగాటి అలల్లో ఏమీ వినపడకూడదు. ఎగిరిన వాయువు పలచబడటానికి చాలా నెలలు పడుతుంది. అప్పటిదాకా లోపలి రొద లోపలే. ఇప్పుడే వినపడుతోందంటే అది నేల మీది రొదే. ఈ లెక్కలో కళ్లజోడుకి గానీ పెద్దాయనకి గానీ అనుమానం లేదు.

"నీకు పిన్ని కాబట్టి నిన్ను ఇబ్బంది పెడుతున్నట్టుంది," అన్నాడు పెద్దాయన మెల్లగా. "అయినా ఈ పనికి నువ్వే ఉన్నావు. శనివారం కరెంటు వాళ్లని పిలవాలా వద్దా, అంతకుముందే నాకు ఒక మాట చెప్పు. నీ మాటే తీసుకుంటాను."

ఆ మంచితనమే చెవులమ్మకి బరువైంది. కోప్పడి ఉంటే ఎంత తేలికగా ఉండేదో.

ఆమె గుట్ట దిగేసరికి గుడ్డ ఇంకా ఎగురుతూనే ఉంది. బజారు చప్పబడి ఉంది. లేత్ మామ పేపరు మీంచి తల ఎత్తాడు.

"వచ్చిందమ్మా చేపల వేట. ఇవాళైనా ఏమన్నా పడిందా?"

"పడలేదు మామా."

"ఎలా పడుతుంది? పట్టుకొచ్చిందే ముల్లు. కండ ఎవరో ముందే తినేశారు." తన మాటకి తనే నవ్వుకుని, గొంతు తగ్గించాడు. "ఏమే, పిన్ని దుకాణం ఎత్తేస్తారని అంటున్నారు. నిజమేనా? గాలి కబురా?"

చెవులమ్మ చేప ముల్లుని కిందికి దించింది. అదే జవాబైంది. మామ పేపరు మడత పెట్టాడు. దాన్ని మళ్లీ విప్పలేదు.

పిన్ని దుకాణంలో కమ్మీలు గోడకి చేరేసి ఉన్నాయి. కాలవ మీది నడక వంతెన అంచుకి అడ్డంగా ఉన్న పాత కమ్మీ తుప్పుపట్టి ఒక వైపు నీళ్లలోకి ఒరిగిపోయింది. బడికి వెళ్లే పిల్లలు ఆ వంతెన మీదుగానే వెళ్లాలి. చిన్నపిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మధ్యలోంచి నడుస్తారు. నిటారు కడ్డీలన్నీ పిన్ని కోసి సిద్ధం చేసింది. వాటిని పొడుగు గొట్టాలకి అతకాలి, అదీ వంతెన మీదే అతకాలి. ప్రస్తుతానికి ఒక కడ్డీని పట్టుడుబల్లకి బిగించి చివర రాస్తోంది. ఆకురాయి ముందుకు తోసేటప్పుడు ఆనించి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేస్తుంది. వెనక్కి కూడా రుద్దేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మంట.

"పిన్నీ, ఒక మాట అడుగుతాను. తప్పుగా అనుకోకు."

"తప్పుగా అనుకోకు అన్నావంటే తప్పు మాటే అడగబోతున్నావు. అడుగు."

"గుడ్డ ఉన్నప్పుడు… ఎప్పుడైనా… ఏ చిన్న అతుకైనా, మర్చిపోయి…"

ఆకురాయి ఆగింది. పిన్ని దాని మీది ఇనప పొడిని ఉఫ్‌మని ఊదింది. కడ్డీ చివర బొటనవేలితో తడిమి చూసింది. తర్వాత లేచి, తలుపు వెనక బోర్డు దగ్గరికి వెళ్లి, స్విచ్చు కిందికి దించి, పింగాణీ ఫ్యూజు ఊడబెరికింది. తెచ్చి చెవులమ్మ చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచుకో. నేను అడిగినా ఇవ్వకు."

"పిన్నీ, వద్దు. నేను ఊరికే…"

"ఊరికే ఎందుకు అడుగుతావు? నీ పని అడగడం, అడిగావు. ఒక పని చేసేవాళ్లు సగం చెయ్యకూడదు." మళ్లీ ముక్కాలిపీట మీద కూర్చుంది. "నాకు కోపం లేదు. కోపముంటే ఈ పూట వంట నీ చేత చేయించి, నేనే తిని, శిక్ష నేనే అనుభవించేదాన్ని."

చెవులమ్మకి నవ్వు రాలేదు. కళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఫ్యూజుని లోపలి జేబులో వేసుకుంది. అరచేతిలో సరిపోయే వస్తువు, నడుస్తుంటే అడుగడుగునా తొడకి తగులుతూనే ఉంది.

"ఎవరన్నా పని మీద వస్తే ఏం చెబుతావు?"

"యంత్రానికి జలుబు చేసిందని చెబుతాను."

అన్నట్టే చెప్పింది కూడా. గుడ్డ దిగాక కుర్చీ కాలు విరిగినవాడు వచ్చాడు, గేటు కీలు ఊడినావిడ వచ్చింది. ఇద్దరికీ జలుబు సంగతే చెప్పి పంపించింది. కుర్చీ అతను ఆవిరి పట్టమన్నాడు. పక్క దుకాణంలో లేత్ తిరుగుతోంది, ఎదురుగా మోటార్లు మోగుతున్నాయి, మధ్యలో పిన్ని దుకాణం ఒక్కటే మూగగా ఉంది. ఆమె మాత్రం కడ్డీ తర్వాత కడ్డీ రాస్తూనే ఉంది. రాసిన వాటిని పొడుగుల ప్రకారం నేల మీద పేరుస్తూ పోయింది. అతకవలసిన రోజు ఎప్పుడు వస్తుందో ఆమెకి తెలియదు. వస్తుందో రాదో కూడా తెలియదు.

మర్నాడు పొద్దెక్కాక గుడ్డ ఎక్కింది. డిష్ కిర్రుమంటూ తిరిగి బజారు మీదికి వాలింది. చెవులమ్మ గదిలో గోడ వారగా నిలబడింది. జేబులో ఫ్యూజు ఉంది. ఇవాళ ఆ దిబ్బ కనపడకూడదని కోరుకుంది. ఒక క్షణం ఆగి ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. దిబ్బ కనపడకపోతే, ఇన్నాళ్లూ రొద చేసింది పిన్నే అని తేలిపోతుంది. కనపడితేనే పిన్ని మంచిది.

కనపడింది. నిన్నటికంటే ఎత్తుగా.

కళ్లజోడు కుర్చీలోంచి సగం లేచాడు. "చూశారా సార్. ఇంక చాలు. శనివారం దాకా ఎందుకు, ఇవాళే…"

చెవులమ్మ నాలుగడుగులు ముందుకు వచ్చి ఫ్యూజుని బల్ల మీద పెట్టింది. టక్కుమని చప్పుడైంది. ఇద్దరూ దాని వైపు చూశారు.

"ఇది మా పిన్ని దుకాణం ఫ్యూజు," అంది. ఈసారి గొంతు మొత్తం బయటికి వచ్చింది. అది ఆమెకే కొత్తగా వినిపించింది. "నిన్నటి నుంచి నా దగ్గరే ఉంది. అక్కడ కరెంటు లేదు."

"ఇంకోటి పెట్టి ఉండొచ్చు," అన్నాడు కళ్లజోడు. అన్నాడే గాని ఆ మాట అతని నోట్లోనే చప్పబడిపోయింది.

"పెట్టదు," అంది చెవులమ్మ.

పెద్దాయన ఫ్యూజుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "మరి ఎవరిది ఈ రొద?"

చెవులమ్మ తెర వైపు చూసింది, తర్వాత కిటికీలోంచి డిష్ వైపు చూసింది. అది అప్పుడే బజారు మీంచి లేచి, గుట్ట భుజం వైపు తిరుగుతోంది. రోజూ జరిగేదే. ముందు నక్షత్రాన్ని వింటారు, తర్వాత ఏమీ లేని ఖాళీ ఆకాశాన్ని కాసేపు వింటారు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది నక్షత్రం గొంతు. ఆ ఖాళీ చోటు ఎంచింది చెవులమ్మే. చేప ముల్లు పట్టుకుని రోజుల తరబడి గుట్టంతా తిరిగి, బజారు సద్దు అణుమాత్రం సోకని దిక్కు వెతికి పట్టుకుంది. గుట్ట అడ్డం ఉంటుంది కాబట్టి అక్కడ చీమ చిటుక్కుమన్నా తెలుస్తుంది. ఆ రోజు పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి.

ఇప్పుడు కూడా వేడెక్కాయి, వేరే కారణానికి.

నక్షత్రాన్ని వింటున్నది బజారు మీద. ఖాళీని వింటున్నది గుట్ట చాటున. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే నక్షత్రం మిగులుతుంది, బజారూ మిగులుతుంది. రెండూ కలిసిపోయి ఒకే దిబ్బగా నిలబడతాయి. అందులో ఎవరి వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు కింద ఉన్నవాళ్ల మీదికి తోసెయ్యడం తేలికైపోయింది.

"సార్, ఖాళీ చోటు మారుద్దాం. నక్షత్రం పక్కనే, అదే ఎత్తులో, బజారు మీదే ఇంకో చోటు విందాం. బజారు రొద అయితే అక్కడా ఇంతే ఉంటుంది."

కళ్లజోడు మీటలు నొక్కాడు. డిష్ మళ్లీ వెనక్కి వచ్చి, నక్షత్రానికి కొంచెం ఇవతల ఆగింది. బజారు మీదే ఆగింది. గీత నెమ్మదిగా ఎడమ చివర నుంచి పాక్కుంటూ వచ్చింది. ముగ్గురూ తెర మీదికి వంగారు.

గీత పడుకునే ఉంది. దిబ్బ లేదు.

"నక్షత్రం మీదికి," అన్నాడు పెద్దాయన.

దిబ్బ లేచింది.

"అవతల పక్కకి."

పడుకుంది.

అలా ఇటు, అటు, మళ్లీ మధ్యకి తిప్పుతూనే ఉన్నారు. ఎంతసేపు తిప్పినా బజారు మాట నిలబెట్టుకుంటూనే ఉంది. నక్షత్రం మీద వాలినప్పుడు మాత్రమే గీత తల ఎత్తుతోంది. కళ్లజోడు అద్దాలు తీశాడు. తుడవడం మర్చిపోయి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది దానిదే సార్," అన్నాడు చివరికి. "ఆ పెద్ద చుక్క చుట్టూ ఎప్పటినుంచో పొగలా వాయువు కమ్ముకుని ఉంటుంది కదా. పేలిన పొర వెళ్లి దానికి గుద్దుకుంది. ఆ గుద్దుడుకి పుట్టిన రొద ఇది. లోపలిది కాదు, పైపైన పుట్టింది. అందుకే దాక్కోకుండా ఇంత తొందరగా బయటికి వచ్చింది." అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "దీన్ని చెత్త అనుకుని రోజూ పక్కన పడేశాను."

"తుడిచెయ్యలేదు కదా?" అన్నాడు పెద్దాయన.

"లేదు. దుకాణం తీసేశాక ఒకేసారి తుడుద్దామని ఉంచాను."

చెవులమ్మ బల్ల అంచు పట్టుకుంది. "తప్పు నాది సార్. ఆ చోటు ఎంచింది నేను."

"నువ్వు ఎంచావు, నేను మెచ్చుకున్నాను, ఇతను వాడుకున్నాడు. ముగ్గురం కలిసి ఒక మనిషిని అన్నాం." పెద్దాయన లేచి ఫ్యూజు తీసుకున్నాడు. "పదండి."

"ఎక్కడికి సార్?"

"ఇది ఎవరిదో వాళ్లకి ఇవ్వాలి కదా."

గుడ్డ ఇంకా దించలేదు కాబట్టి బజారు చప్పబడే ఉంది. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు గుట్ట దిగి వస్తుంటే దుకాణాల్లోంచి తలలు బయటికి వచ్చాయి. పెద్దాయన బజారులోకి నడిచి రావడం అరుదు. లేత్ మామ లేచి నిలబడి, ఎందుకైనా మంచిదని పిన్ని గుమ్మం పక్కకి వచ్చి కాపలాగా చేతులు కట్టుకున్నాడు.

పిన్ని ఆకురాయి కింద పెట్టలేదు. "రండి. కుర్చీ ఒకటే ఉంది, దానికీ మూడు కాళ్లే. ఎవరు కూర్చుంటారో మీరే తేల్చుకోండి."

పెద్దాయన కూర్చోలేదు. ఫ్యూజుని రెండు చేతులతో ఆమెకి అందించాడు. జరిగింది మొత్తం చెప్పాడు. కప్పిపుచ్చకుండా, పెద్ద మాటలు వాడకుండా, నిలబడే చెప్పాడు. నక్షత్రాల జంట, పేలుడు, గుద్దుడు, ఖాళీ ఆకాశం, తాము నమ్మకపోవడం. పిన్ని చివరిదాకా వింది.

"అంటే ఆ పేలుడు ఎప్పటిది?" అంది.

"ఆ రొద ఇక్కడికి చేరడానికే కొన్ని వేల ఏళ్లు పట్టిందమ్మా," అన్నాడు కళ్లజోడు, నేల వైపు చూస్తూ. "మనకి వినపడటం మాత్రం ఇప్పుడు."

"బాగుంది. నేను పుట్టకముందు, మా తాతలకి తాతలు పుట్టకముందు అది ఎక్కడో అరిస్తే, తిట్లు మాత్రం ఇప్పుడు నాకు పడ్డాయన్నమాట."

లేత్ మామ పక్కున నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగాడు. పిన్నే ముందు నవ్వింది. అప్పుడు ఆయన నవ్వాడు.

కళ్లజోడు నవ్వలేదు. "నన్ను తిట్టండి అమ్మా. మిమ్మల్ని అంది నేనే. మీరు రవ్వ పుట్టించకుండా కూర్చోబట్టే అది నాకు వినపడింది. ఇన్నాళ్లలో మీరు ఒక్కసారి స్విచ్చు వేసినా, అది మీదో దానిదో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేను చూసిందంతా మీరు పెట్టిన భిక్షే." నేల మీద పేర్చిన కడ్డీల వైపు చూశాడు. "మీ పని ఎంత వెనకబడింది?"

పిన్ని అతన్ని కాసేపు చూసింది. తిట్టడానికి సరిపడినంత కోపం తనలో ఉందేమో వెతుక్కున్నట్టు చూసింది. దొరకలేదు కాబోలు.

"నాలుగు తప్ప కడ్డీలన్నీ తయారు. అతకడమే మిగిలింది. వంతెన మీదే అతకాలి, పిల్లలు లేనప్పుడు అతకాలి. వాళ్లు పొద్దున బడికి దాటాక, సాయంత్రం తిరిగొచ్చేలోపు ఒక రోజు దొరికితే చాలు. కానీ మీ గుడ్డ ఎక్కేది సరిగ్గా ఆ మధ్యలోనే. ఆదివారం చేద్దామంటే కాలవలోకి నీళ్లు వదిలే రోజు అది, వంతెన తడిసి ఉంటుంది. తడి మీద కరెంటు పని నేను చెయ్యను."

చెవులమ్మ కళ్లజోడు ముఖం చూసింది. ఆ రొద రోజుకింత పెరుగుతోంది. ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు దిగుతుందో తెలియదు. కొండ ఎక్కుతున్నవాడు శిఖరం దగ్గర కళ్లు మూసుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం. ఒక రోజు వినకపోతే ఆ రోజు పోయినట్టే. ఈ జంట మళ్లీ పేలేసరికి ఇక్కడున్న వాళ్లెవరూ ఉండరు.

"రేపు గుడ్డ ఎత్తం," అన్నాడు కళ్లజోడు. పెద్దాయన వైపు చూసి, "ఎత్తకపోతే ఏం సార్? రేపు మీ అనుమతితో…"

"నక్షత్రం నీది," అన్నాడు పెద్దాయన. "నువ్వు అన్నావు, అంతే."

"నా గీతలో ఒక చోట సందు ఉంటుంది," అన్నాడు అతను పిన్నితో. "ఉండనీ. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకు మంచి కారణమే ఉంది."

పిన్ని ఫ్యూజుని చీరకొంగు అంచుతో తుడిచింది. "మధ్యాహ్నం భోజనం టైముకి ఒకసారి ఆపుతాను. అప్పుడు కావాలంటే విను."

"వద్దమ్మా. మీరు తినే టైములో విన్నానంటే నా కళ్లు మీ పళ్లెం మీద ఉన్నట్టుంటుంది."

వాళ్లిద్దరూ గుట్ట ఎక్కి వెళ్లిపోయాక చెవులమ్మ గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

"నిన్న నిన్ను అలా అడిగినందుకు…"

"అడగకపోతే నేను ఫ్యూజు ఇచ్చేదాన్ని కాదు. ఇవ్వకపోతే నువ్వు దాన్ని అక్కడ పెట్టేదానివి కాదు." పిన్ని ఒక కడ్డీ తీసి ఆమె చేతికిచ్చింది. "ఊరికే నిలబడితే కాళ్లు నొప్పి. ఇంకా ఈ నాలుగూ రాయాలి. వెనక్కి రుద్దావంటే మాత్రం అప్పుడు నిజంగా కోపం వస్తుంది."

చెవులమ్మ కూర్చుని రాసింది. ముందుకు ఆనించి, వెనక్కి ఎత్తి. పక్కన పిన్ని కూడా రాస్తోంది. ఇద్దరి చప్పుడూ కాసేపటికి ఒకే వరసలో పడింది.

మర్నాడు కేంద్రంలో డిష్‌ని నిటారుగా ఆకాశం నడినెత్తికి తిప్పి తాళం వేశారు. వాన రోజుల్లో తప్ప దాన్ని అలా చూసినవాళ్లు లేరు. చెవులమ్మకి చెయ్యడానికి పని లేదు. ఆవరణలో అరుగు మీద కూర్చుని, అలవాటు కొద్దీ చేప ముల్లుని కాలవ వైపు తిప్పింది. హెడ్‌ఫోన్లు తీసేసి, పెట్టెకున్న స్పీకరు పెట్టింది.

చిట్. చిట్. చిట్.

కళ్లజోడు బయటికి వచ్చాడు. కూర్చోమని ఎవరూ అనకుండానే అరుగు చివర కూర్చున్నాడు. కాసేపటికి పెద్దాయన కూడా టీ గ్లాసుతో వచ్చి మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఏం చేస్తోంది ఇప్పుడు?"

"చుక్కలు వేస్తోంది సార్. కడ్డీ కదలకుండా ముందు అక్కడక్కడా అంటిస్తుంది. అతుకు తర్వాత."

కాసేపటికి స్పీకరులో చప్పుడు మారింది. బరబరమని పొడుగ్గా, ఎక్కడా తెగకుండా సాగింది. కళ్లజోడు తల పక్కకి వంచి విన్నాడు. ఇన్నాళ్లూ తన శత్రువు అనుకున్న గొంతు ఇది. నక్షత్రానిది ఇలా ఉండదు. ఇది మనిషి చెయ్యి ఆగినప్పుడు ఆగుతుంది, ఊపిరి తీసుకున్నప్పుడు తడబడుతుంది.

"ఇదే అతుకా?"

"ఇదే. పైనుంచి కిందికి లాగుతోంది."

ఆగింది. ముగ్గురూ ఎదురుచూశారు.

"అయిపోయిందా?"

"లేదు. కరిగి అయిపోయిన రాడ్డు మారుస్తోంది."

మళ్లీ బరబర. అలా చుక్కలూ, అతుకులూ, మధ్యలో భోజనానికి ఒక పెద్ద ఖాళీ. నీడలు అటునుంచి ఇటు తిరిగాయి. ఎవరూ లోపలికి వెళ్లలేదు. పెద్దాయన గ్లాసు అడుగున టీ చల్లారిపోయింది. కళ్లజోడు ఇప్పుడు తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇది చుక్క, ఇది అతుకు, ఇది రాడ్డు మార్చడం. ఒక్కోసారి తప్పు చెబితే చెవులమ్మ సరిదిద్దింది. ఆమె గొంతు ఇప్పుడు చెప్పుల దగ్గర ఆగడం లేదు.

పొద్దు వాలుతుండగా ఒక అతుకు మధ్యలోనే తెగిపోయింది. రాడ్డు మార్చేంతసేపు గడిచింది. ఇంకా గడిచింది. స్పీకరులో ఉత్త గాలి సద్దు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడేంటి?" అన్నాడు కళ్లజోడు. "కరెంటు పోయిందా?"

చెవులమ్మ కాలవ వైపు చూసింది. అంత దూరం నుంచి ఏమీ కనపడదు. బడి వదిలే వేళ అది.

"ఏమీ చెయ్యట్లేదు," అంది. "పక్కకి తప్పుకుని పిల్లలకి దారి ఇస్తోంది."